టెక్నికల్ ట్రైనర్‌కి ఏది పనికొస్తుంది: టోస్ట్‌మాస్టర్సా, సూక్ష్మబోధనా, సర్టిఫికెట్టా?

డెమో క్లాసుకు హాలు నిండింది. ఫీజులూ కట్టారు. మూడో వారానికి సగం కుర్చీలు ఖాళీ. హైదరాబాద్ అమీర్‌పేటలోని కంప్యూటర్ కోర్సుల ఇన్‌స్టిట్యూట్లలో పాఠాలు చెప్పే ఫ్యాకల్టీకి ఇది కొత్త సంగతేమీ కాదు. ఇలా జరిగినప్పుడు చాలామంది పరుగెత్తుకెళ్లి పబ్లిక్ స్పీకింగ్ కోర్సులో చేరతారు. జబ్బొకటైతే మందొకటి. డెమో చూసి ఫీజు కట్టారంటే మీ మాటకు లోటు లేదు. మూడో వారంలో మానేశారంటే పాఠం తలకెక్కడం లేదు.

దీనికి తిరగేసిన కేసు ఇంకొకటి. పదేళ్లు కోడ్ రాసి శిక్షణ వైపు వచ్చిన డెవలపర్. సబ్జెక్టు మీద పట్టుంది, పక్కన కూర్చోబెట్టుకుని ఒకరికి చెప్పమంటే అద్భుతంగా చెబుతాడు. ముప్ఫై మంది ముందు నిలబెడితే గొంతు పెగలదు. తెర వైపు తిరిగి స్లైడ్లు చదివేస్తాడు. ఈయనకు బోధనాశాస్త్రం మీద పుస్తకాలిచ్చి లాభం లేదు, ముందు నిలబడటం అలవాటు కావాలి.

మార్కెట్లో దొరికే శిక్షణల్లో ఎక్కువ భాగం ఈ ఇద్దరికీ ఒకే మందు అమ్ముతాయి. అందుకే దేనికి డబ్బు కట్టాలన్నది తర్వాత, లోపం ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి.

ఇరవై నిమిషాల రికార్డింగు

ఫోన్‌ని చివరి వరుసలో, మీరూ తెరా ఇద్దరూ కనిపించేలా పెట్టండి. విద్యార్థులకు ముందే చెప్పి, వాళ్ల ముఖాలు రాకుండా చూసుకోండి. క్లాసు మొదట్లో రికార్డు చేయొద్దు, అప్పుడు అందరూ బాగానే చెబుతారు. మధ్యలో కొత్త కాన్సెప్టు ఎత్తుకునే చోట 20 నిమిషాలు చాలు. దాన్ని మూడుసార్లు చూడాలి.

మొదటిసారి సౌండు ఆపేసి. మీరు మనుషుల్ని చూస్తున్నారా, తెరనా? బోర్డు మీద రాస్తూనే మాట్లాడుతున్నారా? లైవ్ కోడింగ్, అంటే క్లాసులోనే కోడ్ రాసి చూపించడం, చేసేవాళ్లకు ఉండే జబ్బు కీబోర్డు మీదికి వంగిపోవడం. గడ్డం ఛాతీకి ఆనితే గొంతు ముందుకు పోదు, మాట లాప్‌టాప్‌కే వినిపిస్తుంది.

రెండోసారి తెర చూడకుండా వినండి. ఊతపదాలు లెక్కపెట్టండి: 'అంటే', 'సో', 'బేసికల్‌గా', 'ఓకేనా'. నిమిషానికి ఒకటో రెండో ఉంటే వదిలేయండి, ఎవరూ పట్టించుకోరు. దానికన్నా ముఖ్యం, వాక్యం చివర గొంతు దిగిపోతోందా అన్నది. తెలుగులో క్రియ చివరికి వస్తుంది, కాదనే మాటా అక్కడే వస్తుంది. 'ప్రొడక్షన్ బ్రాంచి మీద ఫోర్స్ పుష్...' వరకు గట్టిగా చెప్పి 'చెయ్యకూడదు' దగ్గర గొంతు మింగేస్తే, చివరి బెంచీకి అందేది సగం వాక్యం. ఆ సగానికి అర్థం తలకిందులు.

మూడోసారి కాగితం పట్టుకుని కూర్చోండి. రెండే లెక్కలు. ఈ 20 నిమిషాల్లో విద్యార్థులు తాముగా ఏదైనా చేసింది, అంటే టైపు చేయడం, ఊహించి చెప్పడం, పక్కవాడితో మాట్లాడటం, ఎన్ని నిమిషాలు? మీరు ప్రశ్న అడిగాక ఎన్ని సెకన్లు ఆగారు? మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970ల్లో క్లాసులు రికార్డు చేసి ఈ రెండో లెక్క తీశారు. ఉపాధ్యాయులు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకనే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లో అంతకన్నా ఎక్కువో ఆగితే జవాబులు పొడవయ్యాయి, ఎక్కువమంది నోరు విప్పారు. మూడు సెకన్లు వినడానికి చిన్నవి. నిలబడి ఆగి చూస్తే యుగంలా ఉంటుంది, అందుకే ఎవరూ ఆగరు.

ఇక 'అర్థమైందా?' అన్నది ప్రశ్నే కాదు. 'అయ్యింది సార్' అన్నది జవాబూ కాదు. ప్రశ్నల లెక్కలో దాన్ని కలపొద్దు.

మొదటి రెండు వీక్షణల్లో తప్పులు బయటపడితే మీకు కావలసింది మాటకు సంబంధించిన సాధన. అవి బాగుండి మూడోదాంట్లో సున్నాలు వస్తే బోధనకు సంబంధించింది. రెండూ బాగోలేకపోతే మాటతో మొదలుపెట్టండి. భయం ఉన్నంతసేపూ మనసు తన మీదే ఉంటుంది, విద్యార్థి ముఖం కనిపించదు.

టోస్ట్‌మాస్టర్స్: భయానికి మందు, బోధనకు కాదు

1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన, నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసే క్లబ్బులివి. హైదరాబాద్‌లో బయట అందరికీ తెరిచి ఉండేవీ ఉన్నాయి, కంపెనీల లోపల ఉద్యోగుల కోసం నడిచేవీ ఉన్నాయి. చందా ఆరు నెలలకోసారి. చేరకముందు అతిథిగా వెళ్లి చూడొచ్చు, కనీసం రెండు క్లబ్బులు చూసి ఎంచుకోండి. క్లబ్బుకీ క్లబ్బుకీ చాలా తేడా ఉంటుంది.

సమావేశంలో ముందే తయారైన ప్రసంగాలు కొన్ని. కొత్తవాళ్ల మొదటి ప్రసంగం 4 నుంచి 6 నిమిషాలు, తర్వాతవి ఎక్కువగా 5 నుంచి 7. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కార్డులతో సమయం చూపిస్తారు. ప్రతి ప్రసంగానికీ ఒకరు 2, 3 నిమిషాల్లో నిలబడి విమర్శ చెబుతారు. ఊతపదాలు లెక్కపెట్టడానికి ఒక మనిషి, వ్యాకరణం చూడటానికి మరొకరు ఉంటారు. మధ్యలో టేబుల్ టాపిక్స్: అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడాలి.

ట్రైనర్‌కి వీటిలో అన్నిటికన్నా విలువైనది టేబుల్ టాపిక్సే, ప్రసంగం కాదు. క్లాసులో ఊహించని డౌటు వచ్చినప్పుడు ముందు కంగారుపడకుండా ఆగడం, ఒక వాక్యంలో జవాబు చెప్పడం, ఆ తర్వాత వివరించడం అనే వరస అక్కడ అలవాటవుతుంది. రెండోది విమర్శకుడి పాత్ర. ఇంకొకరి ఏడు నిమిషాల్ని విని, ఏది ఎందుకు పనిచేసిందో వెంటనే చెప్పడం నేర్చుకున్నవాడు తన క్లాసునీ అలాగే వినగలుగుతాడు. చాలామంది ప్రసంగాల కోసం ఎగబడి ఈ పాత్రను తప్పించుకుంటారు.

అక్కడ దొరకనివీ తెలుసుకోవాలి. ప్రసంగం ఏడు నిమిషాల ఏకపాత్రాభినయం. మీ క్లాసు గంటన్నర, మధ్యలో ఇరవై అంతరాయాలు, అందులో పది ఎర్రర్ మెసేజీలు. విన్నవాళ్లు ఏం నేర్చుకున్నారని క్లబ్బులో ఎవరూ పరీక్ష పెట్టరు, అది వాళ్ల పనీ కాదు. అందుకే కొందరు ట్రైనర్లు క్లబ్బు నుంచి వచ్చాక మరింత ధారాళంగా, మరింత వేగంగా చెప్పడం మొదలుపెడతారు. టెక్నికల్ క్లాసులో ధారాళం ఒక్కోసారి శత్రువు. నోట్సు రాసుకునేవాడికీ, కమాండు టైపు చేసేవాడికీ మీ మౌనం కావాలి.

భాష సంగతి కూడా చూసుకోవాలి. ఎక్కువ క్లబ్బులు ఇంగ్లీషులో నడుస్తాయి. అమీర్‌పేట తరహాలో తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెప్పేవాడు కార్పొరేట్ శిక్షణకు మారాలనుకుంటే ఇది గొప్ప అవకాశం. బెంగళూరు, పుణే బృందాలకు తెలుగులో చెప్పలేం కదా. తెలుగు బ్యాచ్‌లతోనే ఉండేవాడికి మాత్రం ఆ లాభం సగమే. ఆరు నెలలు పెట్టుకోండి. నలుగురి ముందు గుండె దడ తగ్గి, ముఖాలు చూస్తూ మాట్లాడగలిగితే పని అయిపోయినట్టే. ఆ తర్వాత కొనసాగాలా వద్దా అన్నది స్నేహాల సంగతి.

వారాంతపు పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సుల గురించి ఒక్క లెక్క చాలు. రెండు రోజులు, 12 గంటలు, 40 మంది. అందులో సగం సమయం చెప్పేవాడే తీసుకుంటాడు. మిగిలిన 360 నిమిషాలు 40 మందికి పంచితే తలకు 9 నిమిషాలు. చేరేముందు 'నేను ఎన్ని నిమిషాలు నిలబడి మాట్లాడతాను, ఎన్నిసార్లు?' అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే వెనక్కి వచ్చేయండి.

సూక్ష్మబోధన: ఖర్చు లేదు కాబట్టి ఎవరూ చేయనిది

బీఈడీ, డీఈడీ చేసినవాళ్లకు ఈ పేరు వినగానే నవ్వొస్తుంది. రికార్డు పుస్తకం నింపడానికి చేసిన తంతుగానే చాలామందికి గుర్తు. చిన్న పాఠాన్ని కొద్దిమంది ముందు చెప్పి, తప్పులు దిద్దుకుని వెంటనే మళ్లీ చెప్పే పద్ధతి ఇది, ఇంగ్లీషులో మైక్రోటీచింగ్. 1963లో స్టాన్‌ఫర్డ్‌లో డ్వైట్ ఆలెన్, ఆయన సహచరులు దీన్ని తయారుచేశారు. మన దగ్గర స్థిరపడిన భారతీయ నమూనాలో ఒక చక్రం 36 నిమిషాలు: 6 నిమిషాలు బోధన, 6 ఫీడ్‌బ్యాక్, 12 నిమిషాల్లో పాఠాన్ని మళ్లీ దిద్దుకోవడం, 6 నిమిషాలు పునర్బోధన, చివర 6 మళ్లీ ఫీడ్‌బ్యాక్.

టెక్నికల్ ట్రైనర్‌కి దొరికే సాధనాల్లో దీనికి సాటి వచ్చేది లేదన్నది మా అభిప్రాయం. కారణం ఆ పన్నెండు నిమిషాలూ, వాటి తర్వాతి ఆరూ. తప్పు తెలిసిన వెంటనే అదే పాఠాన్ని మార్చి చెప్పే అవకాశం మరెక్కడా రాదు. మామూలుగా మీ ఎస్‌క్యూఎల్ జాయిన్స్ (డేటాబేసులో పట్టికలను కలపడం) పాఠం చెడిపోతే దాన్ని మళ్లీ చెప్పేది వచ్చే బ్యాచ్‌లో, రెండు నెలల తర్వాత. అప్పటికి ఏం చెడిందో గుర్తుండదు.

నలుగురు కావాలి. అందులో కనీసం ఒకరికి ఆ సబ్జెక్టు తెలియకూడదు, ఈ షరతు సడలించొద్దు. జావా చెప్పేవాడు, నెట్‌వర్కింగ్ చెప్పేవాడు, టెస్టింగ్ చెప్పేవాడు, ఎస్ఏపీ చెప్పేవాడు కలిస్తే సరిగ్గా కుదురుతుంది. నాలుగు చక్రాలు ఒకే రోజు పెడితే రెండున్నర గంటలు పడుతుంది, నాలుగోవాడి వంతు వచ్చేసరికి అందరూ అలిసిపోతారు. వారానికి ఇద్దరి చొప్పున పెట్టుకోండి.

పాఠం ఆరు నిమిషాలకు సరిపోవాలి. 'గిట్' (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే సాధనం) అంటే కుదరదు, 'కమిట్‌కీ పుష్‌కీ తేడా' కుదురుతుంది. 'ఎస్‌క్యూఎల్ జాయిన్స్' కుదరదు, 'లెఫ్ట్ జాయిన్ ఫలితంలో నల్ ఎందుకొస్తుంది' కుదురుతుంది. మొదటి నెలలో ఎవరి పాఠమూ ఆరు నిమిషాల్లో పూర్తికాదు. ఒక కాన్సెప్టులో అసలు ఎన్ని మెట్లున్నాయో తెలియడం అప్పుడే మొదలవుతుంది. నిపుణుడికి కమిట్, పుష్ చెరొక మెట్టు. కొత్తవాడికి వాటి వెనక స్టేజింగ్, లోకల్, రిమోట్, బ్రాంచి అని నాలుగు కొత్త మాటలు ఒకేసారి మీద పడతాయి. మనసు ఒకేసారి పట్టుకోగలిగేవి నాలుగైదుకు మించవు. నేర్పేవాడికి ఆ బరువు గుర్తులేకపోవడమే టెక్నికల్ బోధనలో అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది, దాన్ని గొంతు సాధన తీర్చలేదు.

ఒక చక్రంలో ఒక్క నైపుణ్యమే చూడాలి. ఈ వారం ప్రశ్నించడం, వచ్చే వారం ఉదాహరణ ఇవ్వడం, ఆ తర్వాత బోర్డు వాడకం. అన్నీ ఒకేసారి చూస్తే ఫీడ్‌బ్యాక్ 'ఓవరాల్‌గా బాగుంది బ్రో' దగ్గర ఆగిపోతుంది.

చెడిపోయేదీ సరిగ్గా అక్కడే. మన వాళ్లకు స్నేహితుడి ముఖం మీద తప్పు చెప్పడం కష్టం. చెప్పినా అభిప్రాయం చెబుతారు, చూసింది చెప్పరు. దీనికి ఒక పద్ధతి పెట్టుకోవాలి. పాఠం అవగానే వినేవాళ్లందరూ ముందు తమకేం అర్థమైందో ఒక్క వాక్యంలో రాయాలి. సబ్జెక్టు తెలియనివాడు రాసిన వాక్యాన్ని మొదట చదవాలి. 'పుష్ చేస్తే కోడ్ సేవ్ అవుతుంది' అని రాశాడనుకోండి, ఇక విమర్శ అక్కర్లేదు, పాఠం ఎక్కడ విరిగిందో అందరికీ కనిపించింది. ఆ తర్వాత ఒక్కొక్కరు రెండు విషయాలకు మించకుండా, చూసినవి మాత్రమే చెప్పాలి. 'వేగంగా చెప్పావు' అనడం అభిప్రాయం. 'మూడు కమాండ్లు టైపు చేసే మధ్యలో ఒక్కసారీ ఆగలేదు, నేను రెండో దగ్గరే ఉండిపోయాను' అంటే వాడు దిద్దుకోగలడు.

రెండో ప్రమాదం, అందరూ టెక్నికల్ మనుషులే కావడం. 'రీబేస్ (గిట్‌లోనే ఇంకో కమాండు) గురించి చెప్పలేదేం?' అని ఒకడు లేస్తాడు, పన్నెండు నిమిషాలూ రీబేస్‌కే పోతాయి. సబ్జెక్టు దిద్దుబాట్లు చక్రం అయ్యాకే. మూడో ప్రమాదం, టైము లేదని పునర్బోధన ఎగ్గొట్టడం. అది లేకపోతే మిగిలేది తిట్లు తినడమే.

ఎనిమిది వారాలు ఇలా నడిస్తే ఒక్కొక్కరికి నాలుగు చక్రాలు వస్తాయి. అక్కడ మళ్లీ చివరి బెంచీ రికార్డింగు తీసి మూడో వీక్షణలోని లెక్కలు చూసుకోండి.

లైవ్ కోడింగ్ చెప్పేవాళ్లకు: కార్పెంట్రీస్ పద్ధతి

1998లో గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ ఇప్పుడు ది కార్పెంట్రీస్ అనే పెద్ద సంస్థలో భాగం. శాస్త్రవేత్తలకు కోడింగ్ నేర్పడం వాళ్ల పని, అయితే శిక్షకులను తయారుచేసే వాళ్ల పాఠ్యాంశం ఏ ట్రైనర్‌కైనా పనికొస్తుంది. అది ఇంగ్లీషులో నెట్‌లో ఉచితంగా ఉంది. చేరి నేర్చుకుంటే రెండు పూర్తి రోజులు, లేదా నాలుగు పూటలు. సర్టిఫికెట్ కోసం చివర్లో 5 నిమిషాల లైవ్ కోడింగ్ చేసి చూపించాలి.

వాళ్ల పద్ధతుల్లో రేపే మొదలుపెట్టగలిగేవి రెండున్నాయి. మొదటిది, ముందే రాసిన కోడ్ అతికించకుండా విద్యార్థులతో పాటు మీరూ టైపు చేయడం. నెమ్మదిగా ఉంటుంది, కావలసిందీ అదే. మీకు వచ్చే తప్పును వాళ్ల ముందే సరిచేయడం కూడా పాఠంలో భాగమే. రెండోది రెండు రంగుల స్టిక్కీ నోట్లు. పని అయితే ఒక రంగు, ఇరుక్కుపోతే ఇంకో రంగు లాప్‌టాప్ మీద అతికిస్తారు. చెయ్యెత్తి 'సార్, రావట్లేదు' అనడానికి సిగ్గుపడే విద్యార్థులున్న మన క్లాసుల్లో ఇది బాగా పనిచేస్తుంది. నలభై మంది హాల్లో ఎటు వెళ్లాలో ఒక్క చూపులో తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇక్కడి నుంచి తెల్లవారుజామున ఆన్‌లైన్ బ్యాచ్‌లు చెప్పేవాళ్లకు ముఖాలే కనిపించవు. అక్కడ స్టిక్కీ నోట్లకు బదులు చాట్‌లో ప్రతి ఏడెనిమిది నిమిషాలకూ ఒక పని పెట్టండి: 'ఈ కమాండు ఏం ప్రింట్ చేస్తుందో రాయండి, నేను చెప్పేదాకా ఎంటర్ కొట్టొద్దు'. అందరూ ఒకేసారి పంపితే ఒకరిది చూసి ఒకరు రాయరు.

సీనియర్ పక్కన ల్యాబ్ అసిస్టెంటుగా

కొత్తగా వచ్చేవాడికి, ముఖ్యంగా పాతికేళ్లలోపు వాడికి, అన్నిటికన్నా ముందు చెప్పదగ్గది ఇదే. ఒక పూర్తి బ్యాచ్ ల్యాబ్‌లో తిరుగుతూ డౌట్లు తీర్చడం. ఇక్కడ నేర్చుకునేది సీనియర్ మాటతీరు కాదు. విద్యార్థులు ఎక్కడ ఇరుక్కుంటారన్న పట్టిక. జావాలో పాత్ సెట్ చేయకపోవడం, పబ్లిక్ క్లాసు పేరూ ఫైలు పేరూ కలవకపోవడం. పైథాన్‌లో ట్యాబులూ స్పేసులూ కలిపేయడం. ఎస్‌క్యూఎల్‌లో 'ఈజ్ నల్' రాయాల్సిన చోట నల్‌కి సమానం అని రాయడం. ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో తారీఖుతో, ఎంతమందికి వచ్చిందో రాసుకుంటే, రేపు మీ సొంత బ్యాచ్‌లో ఆ తప్పు రాకముందే మీరే చేసి చూపించగలరు. 'ఈ సార్‌కి మన బాధ తెలుసు' అన్న నమ్మకం అక్కడ పుడుతుంది, జోకులతో కాదు.

నష్టం ఒకటుంది. సీనియర్ యాస, విసురు, ఆయన తిట్లు కూడా మనకు అంటుకుంటాయి. పైగా మీ బోధన గురించి ఎవరూ మీకు ఏమీ చెప్పరు. బ్యాచ్ అయ్యాక సూక్ష్మబోధన బృందం తప్పనిసరి.

సర్టిఫికెట్లు: ముందు తలుపు చూడండి

సర్టిఫికెట్ తలుపు తీస్తుంది. ఏ తలుపు తీయాలనుకుంటున్నారో తెలియకుండా తీసుకుంటే గోడకు వేలాడుతుంది.

ఐటీఐలో ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే సీఐటీఎస్, అంటే క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ పథకం. ఏడాది కోర్సు, జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థల్లో నడుస్తుంది, హైదరాబాద్‌లో విద్యానగర్‌లోనూ రామంతాపూర్‌లోనూ ఉన్నాయి. ట్రేడ్‌తో పాటు బోధన పద్ధతులు కూడా నేర్పుతారు. ఐటీఐ ఆలోచన లేనివాడికి ఏడాది వృథా.

పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ అధ్యాపకులకు చెన్నైలోని జాతీయ సాంకేతిక ఉపాధ్యాయ శిక్షణ సంస్థ చిన్న కోర్సులు నడుపుతుంది. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ వాళ్ల ఆన్‌లైన్ కార్యక్రమంలో 8 మాడ్యూళ్లుంటాయి, ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' మీద చదవాలి. సిలబస్ ప్రణాళిక, మూల్యాంకనం లాంటివి బాగా తెలుస్తాయి. నిలబడి చెప్పే సాధన మాత్రం మీరే వేరుగా చూసుకోవాలి.

మైక్రోసాఫ్ట్ సర్టిఫైడ్ ట్రైనర్ లాంటి కంపెనీ గుర్తింపులకు ఆ కంపెనీ టెక్నికల్ సర్టిఫికెట్ ఉండాలి, బోధన అనుభవం ఉన్నట్టు చూపించాలి, ఏటా పునరుద్ధరించుకోవాలి. అధికారిక కోర్సు చెప్పే హక్కు వస్తుంది, కార్పొరేట్ బిల్లింగ్ పెరుగుతుంది. ఎలా చెప్పాలో వాళ్లు నేర్పరు, మీకు వచ్చనే అనుకుంటారు.

వీడియోలు చేస్తూ నేర్చుకోవడం

యూట్యూబ్ ఛానెల్ పెడితే మాట బాగుపడుతుందా? పడుతుంది, స్క్రిప్టు రాసుకుంటే. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ వాళ్ల పద్ధతి చూడండి. ఒక్కో వీడియో సుమారు 10 నిమిషాలు. స్క్రిప్టు రెండు నిలువు వరుసల్లో ఉంటుంది: ఎడమ పక్క తెర మీద కనిపించేది, కుడి పక్క చెప్పే మాట. రికార్డు చేయకముందే ఆ సబ్జెక్టు తెలియనివాడితో స్క్రిప్టు సరిచూయిస్తారు. విద్యార్థి తెరలో ఒక పక్క వీడియో, ఇంకో పక్క సాఫ్ట్‌వేర్ పెట్టుకుని చేస్తూ నేర్చుకుంటాడు. తెలుగులో డబ్ చేసినవీ ఉన్నాయి.

ఈ రెండు వరుసల స్క్రిప్టు ఒక్క పాఠానికి రాసినా చాలు, చేసే క్లిక్‌కీ చెప్పే మాటకీ మధ్య ఎంత దూరముందో తెలిసిపోతుంది. ఎడమ వరుసలో నాలుగు క్లిక్కులు, కుడి వరుసలో 'ఇలా కాన్ఫిగర్ చేస్తాం' అని ఒక్క ముక్క ఉంటే క్లాసులో ఏం జరుగుతోందో చెప్పక్కర్లేదు. వీడియో ఇవ్వలేనిది ఎదుటి ముఖం. ఛానెల్ బాగా నడిచే కొందరు ట్రైనర్లు హాల్లో మూడు సెకన్లు ఆగలేరు, నిశ్శబ్దాన్ని కత్తిరించడమే వాళ్లకు అలవాటు.

డబ్బు పెట్టాల్సిన చోటు

రోజుకు మూడు బ్యాచ్‌లు చెప్పేవాడు గొంతు శిక్షణకన్నా ముందు కాలర్ మైకు, చిన్న స్పీకరు కొనాలి. ఫ్యాన్లు, ఏసీ మోత మీద అరిచి చెప్పడం వల్లే చాలాసార్లు గొంతు పోతుంది. గొంతు సవరించుకునే అలవాటు ఇంకా పాడుచేస్తుంది, బదులు గుక్కెడు నీళ్లు. బొంగురు రెండు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరును కలవండి.

తెర మీద అక్షరం కనీసం 20 పాయింట్లు, ప్రొజెక్టరు అయితే ఇంకా పెద్దది. లైట్లు వెలిగే హాల్లో నల్లని నేపథ్యం చివరి వరుసకు కనిపించదు, తెల్లదానికి మార్చండి. ఒక్కసారి మీరే చివరి బెంచీలో కూర్చుని చదవండి. విండోస్‌లో జూమిట్ అనే ఉచిత పరికరముంది. కంట్రోల్ 1 నొక్కితే తెర పెద్దదవుతుంది, కంట్రోల్ 2 నొక్కితే దాని మీద గీయొచ్చు. కర్సర్‌ని గుండ్రంగా తిప్పుతూ 'ఇదిగో, ఇక్కడ' అనే అలవాటు దీంతో పోతుంది.

మారిందో లేదో ఎలా తెలుస్తుంది

ఫీడ్‌బ్యాక్ ఫారంలో 5కి 4.8 వచ్చిందని మురిసిపోవద్దు. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1959లో శిక్షణ మూల్యాంకనాన్ని నాలుగు మెట్లుగా చెప్పారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, ఫలితం వచ్చిందా. ఫారం కొలిచేది మొదటి మెట్టునే. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల మీద వచ్చిన అధ్యయనం ఇంకో చిక్కు చూపింది. విద్యార్థుల చేత పని చేయించిన క్లాసుల్లో వాళ్లు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. సాఫీగా సాగిన ఉపన్యాసమే వాళ్లకు ఎక్కువ నేర్పినట్టు అనిపించింది. అందుకని మీరు ఉపన్యాసం తగ్గించి పని పెంచిన మొదటి నెలలో రేటింగు కాస్త పడొచ్చు. ఇన్‌స్టిట్యూట్ యజమానికి ముందే చెప్పి పెట్టుకోండి.

నమ్మదగ్గ కొలత వేరే ఉంది. నిన్నటి పాఠం మీద ఈ ఉదయం మూడు ప్రశ్నలు, 5 నిమిషాలు, పేర్లు రాయకుండా. కాన్సెప్టు మధ్యలోనైతే నాలుగు ఆప్షన్ల ప్రశ్న ఒకటి వేసి వేళ్లతో ఓటు వేయించండి. ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ హార్వర్డ్‌లో 1990ల మొదట్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెబితే పక్కవాడితో మాట్లాడమని మళ్లీ ఓటు తీసుకోవాలి. 30 కన్నా తగ్గితే మీరే ఇంకోలా చెప్పాలి, 70 దాటితే ముందుకు పోవచ్చు. 'అర్థమైందా?' స్థానంలో దీన్ని పెట్టుకుంటే చాలు.

ఎవరికి ఏది

నిలబడితే వణికే డెవలపర్: ఆరు నెలలు టోస్ట్‌మాస్టర్స్, రెండో నెల నుంచి టేబుల్ టాపిక్స్ ఒక్కటీ వదలకుండా. నాలుగో నెలలో సూక్ష్మబోధన బృందం.

డిగ్రీ అయి ఫ్యాకల్టీ కావాలనుకునేవాడు: ఒక బ్యాచ్ ల్యాబ్ అసిస్టెంటుగా, తప్పుల నోట్‌బుక్‌తో. ఆ తర్వాత ఆ తప్పుల మీదే ఆరు నిమిషాల పాఠాలు. సర్టిఫికెట్ల మాట ఏడాది తర్వాత చూసుకోవచ్చు.

డెమో నిండి బ్యాచ్ ఖాళీ అయ్యే సీనియర్: ఏ స్పీకింగ్ కోర్సూ వద్దు. రికార్డింగు, స్టిక్కీ నోట్లు, ఉదయం ప్రశ్నలు, సూక్ష్మబోధన. ఈయనకు కష్టం ఒక్కటే. పదేళ్ల అనుభవం తర్వాత జూనియర్ల ముందు ఆరు నిమిషాల పాఠం చెప్పి మాట పడటానికి మనసొప్పదు. అలాంటప్పుడు వేరే సబ్జెక్టు సీనియర్లతోనే బృందం కట్టుకోవడం మేలు.

తెలుగు బ్యాచ్‌ల నుంచి కార్పొరేట్‌కి మారేవాడు: ఇంగ్లీషు క్లబ్బు, కంపెనీ గుర్తింపు రెండూ కావాలి, ఈ ఒక్కరికే రెండూ ఒకేసారి. తెలుగు బ్యాచ్‌లలో ఉన్నంతకాలం మాత్రం కాన్సెప్టు తెలుగులో చెప్పి, చివర్లో ఇంటర్వ్యూలో చెప్పాల్సిన జవాబును ఇంగ్లీషులో రెండు వాక్యాలుగా విద్యార్థుల చేతే పలికించండి. వాళ్లకు ఉద్యోగానికి పనికొస్తుంది, మీకూ ఆ రెండు వాక్యాలు నాలుకకు అలవాటవుతాయి.